మా బిడ్డకు బడి పెట్టిన మౌనవ్రతం

ఆ సంగతి నాకు మొదట చేరవేసింది మా ఆడబిడ్డ. కోరుట్లలో మా ఇంటికి నాలుగు గడపల అవతలే ఆమె అత్తిల్లు. ఆమె కొడుకూ నా బిడ్డా ఒకే బడికి, ఒకే వ్యానులో పోయేవారు. ఆ రోజు అత్తమ్మకు జ్వరంగా ఉండి పేరెంట్స్ మీటింగుకు నేను పోలేకపోయాను. తను పోయి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వాకిట్లోనే నిలబడింది.

"వదినె, నీ బిడ్డ ఉపాసాలు గిట్ల ఉంటున్నదా ఏంది?"

"ఉపాసమేంది? పొద్దుగాల కడుపునిండ తినే పోయింది గదా."

"మరి గా టీచరేంది గట్లంటది? మీ మేనకోడలు మౌనవ్రతంల ఉంటది, మేమెవ్వలం డిస్టర్బ్ చెయ్యం అని నవ్వుతది. పిల్లలు గూడ గదే పేరు. మౌనవ్రతం అచ్చింది, మౌనవ్రతం పోయింది అని."

నా బిడ్డకు నత్తి. మాట మొదట్లోనే పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని విడిపించుకోవడానికి మెడ పక్కకు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుంటుంది. ఇంట్లో మాత్రం ఆగి ఆగి అయినా మాట్లాడేది, అలిగేది, నాయనమ్మతో పోట్లాడేది. బడిలో నోరే తెరవడం లేదని నాకు తెలియదు. ఇక ఆ పేరు ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాలేదు. ఏకాదశి నాడు మధ్యాహ్నం దాకా నేను మాట్లాడను. అది నా మొక్కు. ఎప్పుడో బిడ్డ ఆ మాట ముచ్చటపడి బడిలో చెప్పి ఉంటుంది. నేను దేవుడికి ఇచ్చుకున్నదాన్ని తెచ్చి దాని మెడకు తగిలించారు.

మర్నాడు బడికి పోయాను. ప్రిన్సిపాల్ కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"చాలా మంచి పిల్ల మేడం. అల్లరి లేదు, కంప్లయింట్ లేదు. రాతపని నీట్‌గ చేస్తది. నోటితోని చెప్పమంటే ఏడుస్తున్నదని టీచర్లకు అడగొద్దని నేనే చెప్పిన."

"ఎప్పటి సంది సార్?"

"దసరా సెలవుల ముంగట నుంచి గావచ్చు."

అప్పటికి చలికాలం సగమైంది. కోపం తెచ్చుకుందామంటే దానికి పట్టు దొరకలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. దయతోనే నా బిడ్డ నోటికి తాళం వేశారు. ఆయన ఇచ్చిన నీళ్లు తాగి, థాంక్స్ సార్ అని కూడా చెప్పి లేచాను. ఎవరు ఏమిచ్చినా దండం పెట్టి పుచ్చుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ పూట ఆ అలవాటు మీద నాకే అసహ్యమేసింది. బయటికి వచ్చి, క్లాసులోంచి బిడ్డను బ్యాగుతో సహా పిలిపించి ఇంటికి తీసుకొచ్చేశాను. మళ్లీ పంపలేదు.

మా ఆయన మస్కట్‌లో ఒక పెద్ద దుకాణంలో స్టోరు చూస్తాడు. ఇక ఇంట్లో నేనే చదువు చెబుతానని శుక్రవారం వీడియో కాల్‌లో చెప్పాను.

"ఏమే, పిచ్చి గిట్ల లేసిందా? నువ్వే బడి మొఖం జూడలే. దానికేం జెప్తవు?"

"మా బాపు నాకు జెప్పలేదా?"

"జెప్పిండు. ఏమైనవు మరి? కలెక్టర్‌వైనవా?"

అత్తమ్మ పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తూ వింటోంది. ఆమె నవ్వితే ఆయనా నవ్వాడు. నవ్వు అయిపోయాక ఆయన తీర్పు చెప్పాడు.

"ఎండకాలం నేనత్త. అప్పటిదాక నీ ఇష్టం. నేనచ్చేసరికి అది నలుగుట్ల నోరిప్పి చదువాలె. లేకుంటె జగిత్యాల హాస్టల్ల ఏస్త. పదిమంది పిల్లలల్ల పడితే మాట అదే అత్తది."

బిడ్డ గుమ్మం వెనకాల నిలబడి విన్నది. హాస్టల్ అనే మాటకు దాని చేయి నా కొంగు పట్టుకుంది.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను బడి మొఖం సరిగా చూడలేదు. మాది సిరిసిల్ల. చిన్నప్పుడు అమ్మ మంచాన పడితే, ఆమె చుట్టే నూలు కండెలు చుట్టడానికి నన్ను బడి మాన్పించారు. బాపుకు ఆ బాధ ఉండేది కాబోలు, సాంచలు నడిపిస్తూనే నాకు పాఠం చెప్పేవాడు. సాంచలంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. ఆ షెడ్డుల్లో పనిచేసేవాళ్లు పెదవులు చూసి మాట తెలుసుకుంటారు. నేను ఎక్కాలూ, పద్యాలూ, దేశాల రాజధానులూ బాపు పెదవుల మీద చూసి నేర్చుకున్నాను. పోగు తెగి సాంచ ఆగినప్పుడు మాత్రమే ఆయన గొంతు వినపడేది. పది పరీక్ష ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. పెళ్లిచూపుల్లో ఏ బడి అని అడిగితే మా మేనత్త మాట మార్చింది. అప్పటి నుంచి నా చదువు నాకు చాటుగా దాచుకోవాల్సిన వస్తువైంది.

కనుక నా బిడ్డకు చెప్పేటప్పుడు నాకు తెలిసిన పద్ధతిలో చెప్పలేదు. నాకు తెలియని బడినే ఇంట్లోకి తెచ్చాను. నడిమి ఇంట్లో నల్లబోర్డు కట్టాను. దేవుడి అర పక్కన టైంటేబుల్ అంటించాను. పొద్దున్నే యూనిఫాం తొడిగి, జడలు వేసి, పూజగంట తీసి మోగించి బడి మొదలుపెట్టేదాన్ని. బిడ్డ నిలబడి నాకు గుడ్ మార్నింగ్ చెప్పాలి. గుడ్‌లో 'గు' దగ్గరే అది ఆగిపోయేది. నేను ఎండాకాలం తలుచుకుని కంగారుపడి, మాట అందించేదాన్ని. కొన్నాళ్లకు ఇంట్లో కూడా మాట తగ్గించింది. కావలసినవి వేలితో చూపించడం మొదలుపెట్టింది.

అత్తమ్మ చూసి చూసి ఒకనాడు చాట పక్కకు జరిపింది.

"ఏందే పిల్లా, ఇంట్ల గూడ బడేనా? గట్లయితే అది బడి ఇడిచినంక యాడికి పోవాలె?"

ఆ మాట నాకు చురుక్కుమంది గానీ, మంచి మనసుతో అన్నదని అనుకోలేదు. ఎందుకంటే ఆ వెంటనే, "పిల్ల ఇంట్లనే ఉండే, చేతులు ఊకె ఎందుకు" అంటూ దాని ఒళ్లో చిన్న చాటా, కొంచెం ఆకూ పెట్టింది. మా వాడలో ఇంటిపట్టున ఉన్న ఆడపిల్ల అంటే బీడీలు చేసే పిల్లే. ఇంకో రకం ఉంటుందని ఎవరికీ తోచదు. ఎదురింటామె అయితే గోడ మీంచి మెల్లగా అడిగింది.

"బడి బంద్ పెట్టినవంట. పెద్దమనిషైందా ఏంది పిల్ల? మాకు బొట్టన్న పెట్టకపోతివి!"

"ఐదో తరగతే గదక్కా. ఇంట్ల నేనే చదువు చెప్తున్న."

"నువ్వా?" అంది. అంతే అంది. ఆ ఒక్క అక్షరం చాలా రోజులు నన్ను తిన్నది.

గుడిలో శంఖంలో పోసిన నీళ్లు తాగిస్తే మాట వస్తుందని అత్తమ్మ అంటే, మంగళవారం మంగళవారం తీసుకుపోయి తాగించాను. ప్రదక్షిణలు చేశాను. నీళ్లు తాగి బిడ్డ నా వైపు చూసేది, ఇప్పుడు మాట్లాడాలా అన్నట్టు. దేవుడి మీద నాకు అనుమానం రాలేదు. నా మీదే వచ్చింది. అందరూ అంటున్నది నిజమేనేమో, కన్నంత మాత్రాన చదువు చెప్పడం వస్తుందా, నేనే బిడ్డను చెడగొడుతున్నానేమో అనుకుంటూ అన్నం వార్చేదాన్ని.

ఎండలు మొదలయ్యే ముందు బాపును చూడడానికి సిరిసిల్ల పోయాము. ఇప్పుడు షెడ్డులో కొన్ని సాంచలే నడుస్తున్నాయి. మిగతావి దుమ్ము పట్టి ఉన్నాయి. బాపు వాటి మధ్య తిరుగుతుంటే, నేను ఒక మూల కండెలు సర్దుతున్నాను. బిడ్డ గంపను బోర్లించి దాని మీద కూర్చుని తెలుగు వాచకం తెరిచింది. తల ఎత్తి చూసేసరికి దాని పెదవులు కదులుతున్నాయి.

ముందు గొణుక్కుంటోందనుకున్నాను. మళ్లీ చూశాను. పెదవులు చదవడం నాకు కొత్త కాదు. మాట వెంట మాట, ఎక్కడా పట్టుకోకుండా, మెడ తిప్పకుండా, కళ్లు మూయకుండా వాక్యం చివరిదాకా పోతోంది. దగ్గరికి పోయి వంగి దాని నోటి దగ్గర చెవి పెట్టాను. అది గొణుగుడు కాదు. గొంతెత్తి, వాడకట్టంతా వినపడేంత గట్టిగా చదువుతోంది.

బాపు కూడా చూశాడు. అటు నుంచి పెదవులతోనే నాతో అన్నాడు: "కదిలియ్యకు."

ఇంతలో ఒక పోగు తెగి సాంచ ఆగింది. పక్కది అప్పటికే ఆగి ఉంది. ఒక్కసారిగా చప్పుడు తగ్గి బిడ్డ గొంతు ఖంగున వినపడింది. తన గొంతుకు తానే ఉలిక్కిపడి అది నోరు మూసుకుంది. డెబ్బై దాటిన బాపు పోగు అతికి సాంచ నడిపించడానికి ఎంత తొందరపడ్డాడో, అంత తొందర నేను ఆయనలో ఎన్నడూ చూడలేదు.

తర్వాత బయట వేపచెట్టు నీడలో అడిగాను.

"ఎట్ల చదివినవ్ బిడ్డా?"

"చ... చప్పుడుల నా మాట నాకు ఇ... ఇనరాలేదమ్మా. ఇనత్తెనే భయం."

బాపు చాయ్ తాగుతూ నన్ను ఎగాదిగా చూశాడు. "యూనిఫామేసి గంట కొడ్తున్నవంట గదా, పిల్ల జెప్పింది. నీకు నేను గట్లనే జెప్పిన్నా బిడ్డా? నాకు యాడిది గంట? పోగు తెగితే బందు, అతికితె షురూ. నీకు అచ్చింది నువ్వు జెప్పరాదు?"

"నాకేమచ్చు బాపూ?"

"ఏం రాకుంటెనే పది పాసైనవా? పో, పని జూసుకో."

కోరుట్ల వచ్చాక నల్లబోర్డు విప్పేశాను. యూనిఫాం వేరే పిల్లకు ఇచ్చేశాను. గంట తిరిగి దేవుడికి చేరింది. మా సందు చివర పిండి గిర్ని ఉంది. పొద్దున పూట అది నడిచే వేళకు పుస్తకం పట్టుకుని దాని అరుగు మీద కూర్చునేవాళ్లం. గిర్ని ఆయనకు ఇదేం పనో అర్థం కాలేదు.

"ఏందమ్మా, గోధుమలు దెత్తలేరు, జొన్నలు దెత్తలేరు. పిల్లను పట్టిచ్చుకపోతరా?"

"ఔ అన్నా, జర మెత్తగ పట్టు," అన్నాను. నా నోట్లోంచి హాస్యం వచ్చి ఎన్నాళ్లయిందో! బిడ్డ కూడా నవ్వింది.

గిర్ని చప్పుడులో చదివింది ఇంటికొచ్చి మెల్లగా నాకు మళ్లీ చెప్పేది. చెప్పేటప్పుడు నత్తి వచ్చేది. నేను మాట అందించడం మానేశాను. ఎంత సేపైనా దాని మొఖమే చూస్తూ కూర్చునేదాన్ని. అలా కూర్చోవడం చాలా కష్టం. నాలుక చివర ఉన్న మాటను మింగి, పిల్ల తెచ్చేదాకా ఆగాలి. నాయనమ్మ బీడీ కట్టల మీద భాగహారం వచ్చేసింది. "లెక్క తప్పిచ్చకే, కార్ఖానాల నా పరువు పోతది," అని అత్తమ్మ గదమాయిస్తూనే కట్టలు దాని ముందుకు తోసేది. నేను చెబుతున్నది నా బిడ్డకు అందుతోందని ఒక మధ్యాహ్నం ఊరికే, ఏ కారణమూ లేకుండా తెలిసింది. దేవుడి ముందు కూర్చుంటే ఇది కావాలి, అది కావాలి అని అడగబుద్ధి కాలేదు. ఇచ్చినవి తలుచుకుంటూ కూర్చున్నాను.

మే నెలలో ఆయన వచ్చాడు. చాక్లెట్లు, సెంటు సీసాలు, బిడ్డకు మెరిసే బూట్లు తెచ్చాడు. మర్నాడు మా ఆడబిడ్డా, ఆమె భర్తా, అత్తమ్మా అందరూ నడిమి ఇంట్లో కూర్చున్నాక పేపరు తీసి బిడ్డ చేతికిచ్చాడు.

"చదువు బిడ్డా, మీ అమ్మ ఏం జెప్పిందో జూద్దాం."

బిడ్డ నిలబడింది. "ప్ర... ప్ర..." అంది.

"ప్రభుత్వం," అంది మా ఆడబిడ్డ, పాపం సాయం చేద్దామని.

"ర... రై..."

"రైతులకు," అన్నాడు ఆమె భర్త.

"మీరు ఆగుండ్రి, అది చదువుతది," అన్నాను.

"ఎంత సేపు ఆగాలె?" అన్నాడు ఆయన.

"దానికెంత సేపు గావాలెనో గంత సేపు."

"గట్లయితే పేపర్ పాతదైతది," అన్నాడు. అందరూ నవ్వారు. బిడ్డ కూడా నవ్వబోయింది. పేపరు మడిచి వాళ్ల నాయన ఒళ్లో పెట్టి, వచ్చి నా పక్కన నిలబడింది. పెదవులు రెండూ లోపలికి మడుచుకుంది.

గిర్ని దగ్గరికి రండి, చూపిస్తాను అన్నాను. సిరిసిల్ల సంగతి చెప్పాను. "అంటే రేపు దీన్ని పెండ్లి జేసి ఇచ్చేటప్పుడు గిర్ని గూడ ఎంబడి పంపాల్నా?" అన్నాడాయన. మళ్లీ నవ్వులు. అప్పుడు తెలిసింది, జగిత్యాలలో సీటు ఆయన బయల్దేరక ముందే మాట్లాడి పెట్టాడని. నా బిడ్డ ఆ రోజు గలగలా చదివినా పోవలసిందే. మమ్మల్ని కష్టపడనిచ్చి, వచ్చి చూసి నవ్వుకున్నాడు.

జూన్‌లో బిడ్డను హాస్టల్లో దించి వచ్చాము. ఆయన మస్కట్ వెళ్లిపోయాడు. ఆదివారాలు నేను బస్సెక్కి జగిత్యాల పోయేదాన్ని. చూడడానికి వచ్చినవాళ్లను ఒక పొడుగాటి హాలులో బల్లకు ఇటు కూర్చోబెడతారు, పిల్లలను అటు. వార్డెన్ మధ్యలో తిరుగుతుంటుంది. నా బిడ్డ తల ఊపేది. తిన్నావా అంటే ఊపేది, నిద్రపోతున్నావా అంటే ఊపేది. దాని బదులు దాని పక్క మంచం పిల్ల చెప్పేది. ఆమె తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయిందట. నాయన సంగతి ఎవరికీ తెలియదు. మెట్‌పల్లి అవతల ఊళ్లో అమ్మమ్మ ఉంది, బస్సెక్కే ఓపిక లేదు. చూడడానికి ఎవరూ రారు కనుక ఆ పిల్ల మా దగ్గర కూర్చునేది.

"ఆంటీ, దీనికి చారు ఇంకొంచెం గావాల్నంటే నేనే అడుగుత. బాత్రూమ్ పోవాల్నంటే గూడ నేనే అడుగుత. ఇది నా చెయ్యి గిల్లుతది, నేను లేసి నిలవడ్త," అంది ఒక ఆదివారం, ఎంతో గొప్పగా. మూడు మాటలకు ఒకసారి వార్డెన్ వైపు చూసేది.

వానలు ముదిరిన రోజుల్లో ఒకసారి పోతే హాలంతా గోలగోలగా ఉంది. బల్లకు అటు నా బిడ్డ, ఇటు నేను. దాని పెదవులు కదిలాయి. గొంతు లేదు. సాంచల మధ్య బాపు నాతో మాట్లాడినట్టు, ఒక్కో అక్షరం విప్పి విప్పి చూపించింది.

"నన్ను తీస్కపో."

ఎవరూ వినలేదు. వినడానికి అక్కడ ఏమీ లేదు. నేను లేచి వార్డెన్ గదిలోకి పోయాను.

"ఇప్పుడట్ల కుదరది మేడం. ఫాదర్ పర్మిషన్ కావాలె. ఆయన తోని మాట్లాడిపియ్యుండ్రి."

"తల్లిని నేనున్న గదా."

"తీస్కపోయి ఏం జేస్తరు? ఏ స్కూల్?"

"ఇంట్ల నేను చెప్పుకుంట."

ఆమె నా చీర చూసింది, చేతిలో సంచి చూసింది. నేను అక్కడి నుంచి కదలకపోయేసరికి, నా బాధ్యత మీదే తీసుకుపోతున్నట్టు సంతకం పెట్టమని ఒక కాగితం ముందుకు తోసింది. "మీరేం చదివిండ్రు?"

"మా బాపు దగ్గర చదివిన. పదో తరగతి దాక. దీనికి గూడ అంత వరకు చెప్త. ఆపైన అది నాకు చెప్తది."

నా గొంతు వణకలేదు. వణకలేదని నేను ఆ క్షణంలో గమనించలేదు. బస్సులో గమనించాను. ఇన్నేళ్లు దాచుకున్న మాటను ఒక పరాయి మనిషి ముందు, కాగితం మీద సంతకం పెడుతూ, మామూలుగా చెప్పేశాను. మే నెలలో నడిమి ఇంట్లో ఈ గొంతు ఉంటే బిడ్డకు ఆ వానాకాలం తప్పేది. ధైర్యం నాకు వచ్చింది, నిజమే. కానీ దాని ఖర్చు బిడ్డ పెట్టుకుంది.

ఆయన నాతో నేరుగా మాట్లాడడం మానేశాడు. శుక్రవారం బిడ్డకే ఫోన్ చేస్తాడు. "మీ అమ్మకు జెప్పు" అంటాడు, పక్కనే ఉన్నానని తెలిసి. బిడ్డ ఆగి ఆగి జవాబు చెబుతుంది. ఆయనకు ఓపిక లేక మధ్యలో పెట్టేస్తాడు. అది మాత్రం వాక్యం పూర్తిచేసే ఫోన్ పక్కన పెడుతుంది. నత్తి పోలేదు. పోతుందని నేనిప్పుడు ఎదురుచూడడం లేదు. పది పరీక్ష నాలాగే ప్రైవేటుగా కడుతుంది. ఎదురింటామె ఇంకా అడుగుతూనే ఉంటుంది. నేను చెబుతూనే ఉంటాను. సందులో ఇంకొకరు బీడీలు చేస్తూనే తమ పిల్లను నా దగ్గర కూర్చోబెడతామన్నారు. సరే అన్నాను.

కానీ ఆ ఆదివారం సంగతి ఇంకొంచెం ఉంది. నేను వార్డెన్ గదిలోంచి వచ్చేసరికి, పక్క మంచం పిల్ల నా బిడ్డ పెట్టె అప్పుడే సర్ది గుమ్మం దాకా మోసుకొచ్చింది. బట్టలు మడతలు పెట్టి ఉన్నాయి. పైన దువ్వెన కూడా మరవలేదు. పెట్టె నాకిచ్చి, కొంచెం నిలబడి అడిగింది.

"ఆంటీ, నాకు గూడ మీ ఇంట్ల చెప్తవా? నేను మంచిగ మాట్లాడ్త. నాకు నత్తి గూడ లేదు."

మీ అమ్మను అడుగుతా బిడ్డా అన్నాను. అడగడానికి నా దగ్గర ఏ నంబరూ లేదు. తర్వాతి ఆదివారం అప్పాలు చేసుకుని పోతే, మీరు ఆ పిల్లకు ఏమవుతారని వార్డెన్ అడిగింది. ఏమీ కాను. గేటు దగ్గరి నుంచే తిరిగి వచ్చాను. మళ్లీ పోయినప్పుడూ అదే మాట.

నా బిడ్డ కోసం లేచి నిలబడి చారు అడిగిన ఆ పిల్ల కోసం లేచి నిలబడే మనిషి అక్కడ ఎవరున్నారో నాకు తెలియదు. ఇది చదివినవారిని నేను కోరేది ఒక్కటే. మీ ఇంట్లో దీపం పెట్టే వేళ, మీరు ఏ దేవుణ్ని కొలిచేవారైనా సరే, మీ పిల్లల పేర్లు తలుచుకున్నాక, ఆ పిల్లను కూడా ఒకసారి తలుచుకోండి.